కొత్త లెన్స్, సరైన ఎడిటర్: ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ అంచెలంచెలుగా ఎంచుకునే విధానం

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన లెన్స్‌తో కొన్నాళ్లు తీశాక ఔత్సాహికుల్లో చాలామందికి రెండు కోరికలు ఇంచుమించు ఒకేసారి పుడతాయి. మంచి లెన్స్ కొనాలన్నది ఒకటి, ఎడిటింగ్ నేర్చుకోవాలన్నది మరొకటి. ఈ రెండింటినీ వేర్వేరు పద్దుల కింద రాసుకున్నప్పుడే ఖర్చు దారి తప్పుతుంది. ఫొటోలో కనిపించే లోపాల్లో కొన్ని లెన్స్ మారితే తప్ప పోవు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒక గడిలో టిక్కు పెడితే పోతాయి. ఇంకొన్నింటిని ఈ రెండూ ఏమీ చేయలేవు, తీసేవారే నిలబడే చోటు మార్చుకోవాలి. ఏ లోపం ఏ కోవకు చెందుతుందో ముందుగా తేల్చుకుని, ఆ తర్వాత లెన్స్‌నూ ఎడిటర్‌నూ (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌నూ) ఒకదాన్ని దృష్టిలో పెట్టుకుని మరొకదాన్ని ఎంచుకోవడమే ఇక్కడ వివరించబోయే పద్ధతి.

మొదటి అంచె: పాత ఫొటోలను పరిశీలించడం

డిజిటల్ కెమెరా తీసిన ప్రతి ఫైలులోనూ ఆ ఫొటోను ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే ఎం.ఎం. అంకె) వద్ద, ఎంత అపర్చర్‌తో (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం), ఏ షట్టర్ స్పీడ్‌తో (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం), ఎంత ఐఎస్ఓతో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) తీశారో నమోదై ఉంటుంది. ఎగ్జిఫ్ అని పిలిచే ఈ సమాచారాన్ని అడోబీ వారి ఎడిటర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లోని మెటాడేటా ఫిల్టర్‌తో గానీ, ఉచితంగా దొరికే డిజీక్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గానీ వడపోసి చూడవచ్చు. తీసినవన్నీ కాకుండా, దాచుకోదగ్గవని మీరు అనుకున్నవాటినే లెక్కలోకి తీసుకోండి. 18-55 ఎం.ఎం. కిట్ లెన్స్‌తో (కెమెరా పెట్టెలో వచ్చినదానితో) తీసినవాటిలో ఎక్కువ భాగం 18 దగ్గరే ఉండి, అప్పటికీ ఫ్రేములో పట్టక వెనక్కి జరిగిన సందర్భాలు గుర్తుకొస్తే మీకు ఇంకా వెడల్పుగా చూసే లెన్స్ అవసరం. ఎక్కువ భాగం 55 దగ్గర ఉండి, ఆపైన క్రాప్ కూడా చేసి (అంచులు కత్తిరించి) ఉంటే టెలిఫొటో (దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్స్) అవసరం. ఎక్కడా గుంపుగా చేరకుండా అంతటా చెదిరి ఉంటే మాత్రం ఫోకల్ లెంగ్త్ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం లేదని అర్థం చేసుకుని, ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్ అంకెల వైపు చూడాలి. చాలా ఫొటోల్లో ఐఎస్ఓ 3200 దాటిపోయి, షట్టర్ స్పీడ్ సెకనులో 30వ వంతుకు పడిపోయి ఉంటే, మీరు తీసే చోట్లకు మీ లెన్స్ లోపలికి రానిచ్చే వెలుతురు చాలడం లేదు.

పాడైన ఫొటోలను వెంటనే తుడిచేయకుండా కొన్నింటిని ఉంచుకోవాలని నా సలహా, ఎందుకంటే బాగా వచ్చినవాటికన్నా అవే ఎక్కువ సంగతులు చెబుతాయి. మసకగా వచ్చిన ఫొటోను తెరపై వంద శాతం పరిమాణంలో చూడండి. ఫ్రేము మొత్తం ఒకే దిశలో సాగినట్టు ఉంటే చేయి కదిలింది. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉన్న లెన్స్ గానీ ట్రైపాడ్ గానీ దానికి మందు. గోడలూ కుర్చీలూ స్పష్టంగా ఉండి పరుగెత్తే పిల్లవాడు మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాలలేదు. దానికి వెలుతురు ఎక్కువ ఇచ్చే లెన్స్ కావాలి, స్టెబిలైజేషన్ దాన్ని ఏమీ చేయలేదు. మనిషి ముఖం మసకగా ఉండి వెనకున్న చెట్టు ఆకులు పదునుగా వస్తే ఫోకస్ గురి తప్పింది. ఈ మూడో దానికి మీరు ఏమీ కొననక్కరలేదు, ఫోకస్ పాయింట్‌ను కంటి మీద ఉంచడం అలవాటు చేసుకుంటే చాలు.

రెండో అంచె: మౌంట్, సెన్సర్ కొలతలు తెలుసుకోవడం

లెన్స్ కెమెరాకు బిగుసుకునే చోటును మౌంట్ అంటారు. ఒక సంస్థ తయారు చేసిన కెమెరాలన్నిటికీ ఒకే మౌంట్ ఉంటుందని అనుకోకూడదు. కెనాన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంటుకూ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం తెచ్చిన ఆర్ఎఫ్ మౌంటుకూ తేడా ఉంది. నైకాన్‌లో 1959 నాటి ఎఫ్ మౌంటుకూ 2018 నాటి జెడ్ మౌంటుకూ ఇదే పరిస్థితి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) లెన్స్‌ను అడాప్టర్ పెట్టి కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించవచ్చు గానీ, కొత్త లెన్స్‌ను పాత కెమెరాకు తగిలించలేము. నైకాన్ డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చేయవు, చేత్తో తిప్పుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కొనేవారు ముఖ్యంగా గమనించవలసిన విషయమిది.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (కెమెరాలో వెలుతురును ఫొటోగా మార్చే పలక) 36 ఎం.ఎం. వెడల్పు, 24 ఎం.ఎం. ఎత్తు ఉంటుంది. ఏపీఎస్-సీ సెన్సర్ అంతకన్నా చిన్నది కాబట్టి అదే లెన్స్ దాని మీద ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. నైకాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్ ఏపీఎస్-సీ కెమెరాల్లో లెన్స్ అంకెను 1.5తోనూ, కెనాన్‌లో 1.6తోనూ, ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 2తోనూ హెచ్చిస్తే ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చదగిన అంకె వస్తుంది. అంటే 35 ఎం.ఎం. లెన్స్ ఏపీఎస్-సీ మీద సుమారు 52 ఎం.ఎం. లెన్స్ చూపేంత దృశ్యాన్ని చూపుతుంది. సలహాలు చదివేటప్పుడు ఆ అంకె ఏ సెన్సర్‌కు చెప్పినదో చూసుకోకపోతే, గదిలో మనుషులను తీయడానికని కొన్న 50 ఎం.ఎం. లెన్స్ ఏపీఎస్-సీ మీద 75గా పనిచేసి, వీపు గోడకు ఆనినా ఫ్రేము చాలదు. మున్ముందు ఫుల్ ఫ్రేమ్‌కు మారతామన్న ఆలోచనతో ఇప్పుడే బరువైన లెన్సులు కొనడం నాకు అంత సబబుగా తోచదు. ఉన్న కెమెరాకు తగినది కొనుక్కోవడం మేలు. ఏపీఎస్-సీ లెన్స్‌ను ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ మీద పెట్టినప్పుడు కెమెరా మధ్య భాగాన్నే వాడుకుంటుంది కనుక 24 మెగాపిక్సెళ్ల ఫొటో 10 మెగాపిక్సెళ్ల చిల్లరకు తగ్గుతుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

మూడో అంచె: లెన్స్ మాత్రమే ఇవ్వగలిగేది ఏమిటో గుర్తించడం

ఎఫ్/ తర్వాత రాసే అపర్చర్ అంకెలు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న వరుసలో నడుస్తాయి. ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ అదే చోట దాదాపు పది రెట్లు వెలుతురును రానిస్తుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 6400 కావలసిన గదిలో, అదే షట్టర్ స్పీడ్ వద్ద, ఈ లెన్స్‌తో ఐఎస్ఓ 640 సరిపోతుంది. కావాలంటే ఐఎస్ఓను అలాగే ఉంచి, సెకనులో 60వ వంతు ఉన్న షట్టర్ స్పీడ్‌ను 600వ వంతుకు దగ్గరగా తీసుకుపోయి కదలికను నిలిపివేయవచ్చు. చెదిరిపోయిన కదలికను మళ్లీ కుదుటపరచడం ఏ ఎడిటర్‌కూ నమ్మకంగా చేతకాదు కనుక, ఈ లాభం లెన్స్ వల్ల మాత్రమే దక్కుతుంది.

ఈ లాభానికి ఒక వెల ఉంది. ఏపీఎస్-సీ కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర తెరిచి మీటరున్నర దూరంలోని మనిషిని తీస్తే, పదునుగా కనిపించే లోతు ఆరు సెంటీమీటర్ల చుట్టూనే ఉంటుంది. ముఖం కొద్దిగా పక్కకు తిరిగినా ఒక కన్ను స్పష్టంగా, రెండోది మెత్తగా వస్తుంది. ఇద్దరు ముగ్గురిని కలిపి తీసేటప్పుడు అపర్చర్‌ను ఎఫ్/4కు గానీ ఎఫ్/5.6కు గానీ మూయక తప్పదు. చాలా లెన్సులు పూర్తిగా తెరిచిన దానికన్నా రెండు మెట్లు మూసినప్పుడు మరింత పదునుగా ఉంటాయి. అలాగని ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

రెండో విషయం దూరం. ముఖాన్ని 24 ఎం.ఎం. లెన్స్‌తో ఫ్రేము నిండా తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపిస్తాయి. చాలామంది దీన్ని లెన్స్ దోషంగా భావిస్తారు. అసలు కారణం తీసేవారు ముఖానికి మరీ దగ్గరగా నిలబడటమే. అదే లెన్స్‌తో దూరం నుంచి తీసి మధ్య భాగాన్ని క్రాప్ చేసి చూడండి, ముఖం సహజంగానే ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎం.ఎం., ఏపీఎస్-సీ మీద 50 నుంచి 56 ఎం.ఎం. లెన్సులను పోర్ట్రెయిట్లకు ఎంచుకునేది అవి మనల్ని రెండు మూడు మీటర్ల దూరంలో నిలబెడతాయి కనుకనే. ముందున్న వస్తువుకూ వెనకున్న వస్తువుకూ మధ్య నిష్పత్తిని మార్చే మీట సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదు.

లెన్స్ సమీక్షల్లో పేజీలకు పేజీలు ఆక్రమించే లోపాలలో అధిక భాగం ఎడిటర్ తేలిగ్గా సరిదిద్దేవే. గీతలు వంగి కనిపించే డిస్టార్షన్, మూలలు నల్లబడే విగ్నెటింగ్, అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ రంగులు తేలే క్రోమాటిక్ అబెరేషన్ ఇటువంటివి. నేటి మిర్రర్‌లెస్ లెన్సులలో అనేకం ఈ దిద్దుబాటు జరుగుతుందన్న ఊహతోనే తయారవుతున్నాయి. దిద్దుబాటు పూర్తిగా ఉచితం కాదన్నది నిజమే. వంపు తీసినప్పుడు అంచులు కొద్దిగా తెగుతాయి, నల్లబడిన మూలలను వెలిగించినప్పుడు అక్కడ నాయిస్ (గరుకు చుక్కలు) పెరుగుతుంది. అయినా, కేవలం ఈ మూడు లోపాలు తక్కువగా ఉన్నాయన్న కారణంతో రెట్టింపు వెల పెట్టడం ఔత్సాహికులకు అనవసరమని నా అభిప్రాయం. ఎదురు వెలుతురులో ఫొటో అంతా తెల్లగా వెలిసిపోయే ఫ్లేర్ మాత్రం తర్వాత బాగుపడదు. దానికి లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ తొడుగు) వాడాలి.

నాలుగో అంచె: లెన్స్‌ను నిర్ణయించడం

ఎక్కువమందికి మొదట కొనవలసింది ఏపీఎస్-సీ మీద 35 ఎం.ఎం. ఎఫ్/1.8, ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ అని నేను చెబుతాను. చాలా మౌంట్లలో ఇవి తక్కువ వెలకు దొరికే లెన్సుల జాబితాలో ఉంటాయి, బరువు తక్కువ, పైగా కిట్ లెన్స్ చేయలేని పనిని నిజంగా చేస్తాయి. జూమ్ లేకపోవడం వల్ల నడిచి దూరాన్ని సరిచేసుకునే అలవాటు కూడా వస్తుంది. అయితే మొదటి అంచెలో మీ ఫొటోలు వేరే సంగతి చెప్పి ఉంటే ఈ సలహాను పక్కన పెట్టండి.

పక్షులను తీయాలనుకునేవారికి 300 ఎం.ఎం. కూడా తరచుగా చాలదు. 100-400, 150-600 శ్రేణి జూములు ఆ పనికే ఉన్నాయి. వీటిలో రెండో రకం రెండు కిలోల దరిదాపు బరువు తూగుతుంది కనుక కొనేముందు ఒక పూట అద్దెకు తీసుకుని మోసి చూడటం మంచిది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ కనీసం ఎంత ఉండాలో అంచనా వేయడానికి ఫోకల్ లెంగ్త్‌ను రెండో అంచెలో చెప్పిన 1.5, 1.6 వంటి క్రాప్ అంకెతో హెచ్చించి చూస్తారు. ఏపీఎస్-సీ మీద 200 ఎం.ఎం. లెన్స్‌కు అది సెకనులో 300వ వంతు. స్టెబిలైజేషన్ ఉంటే ఇంతకన్నా నెమ్మదైన స్పీడులోనూ తీయవచ్చు. దీన్ని కెనాన్ ఐఎస్ అనీ, నైకాన్ వీఆర్ అనీ, సోనీ ఓఎస్ఎస్ అనీ, ట్యామ్రాన్ వీసీ అనీ పిలుస్తాయి.

పువ్వులు, పురుగులు తీసేవారు లెన్స్ మీద మాక్రో అన్న పేరు చూసి ఆగిపోకుండా మాగ్నిఫికేషన్ నిష్పత్తిని చూడాలి. 1:1 అని ఉంటే 23 ఎం.ఎం. వెడల్పున్న వస్తువు ఏపీఎస్-సీ ఫ్రేమును నింపుతుంది. 1:3, 1:4 ఉన్న జూములనూ మాక్రో పేరుతో అమ్ముతుంటారు. ఉన్న లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) తగిలించి ఆసక్తి నిలుస్తుందో లేదో ముందు చూసుకోవచ్చు. 18-200 వంటి సర్వం ఒకటే జూములు ప్రయాణానికి సౌకర్యమే గానీ, వెలుతురు విషయంలో కిట్ లెన్స్ కన్నా మిమ్మల్ని ముందుకు తీసుకుపోవు.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొంటున్నప్పుడు రెండు వైపుల మూతలు తీసి, చిన్న టార్చిని ఒక వైపు నుంచి వాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపించేది ఫంగస్. దాన్ని వద్దనడమే మంచిది. ఒకటి రెండు ధూళి రేణువులు ఫొటోలో తెలియవు. అపర్చర్ రెక్కల మీద నూనె తడి ఉండకూడదు, ఫోకస్ రింగు ఎక్కడా పట్టేయకూడదు. ఆ తర్వాత చదునైన ఇటుక గోడకు ఎదురుగా కెమెరాను సమాంతరంగా నిలిపి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసి నాలుగు మూలలనూ పోల్చండి. అన్ని మూలలూ సమానంగా మెత్తబడితే అది ఆ లెన్స్ స్వభావం; ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అనుమానించాలి.

ఐదో అంచె: రా ఫైలుకు మారడం

కెమెరా తానే దిద్ది కుదించి ఇచ్చే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 స్థాయిలు ఉంటాయి. సెన్సర్ నమోదు చేసినదాన్ని దిద్దకుండా దాచే రా ఫైలులో 12 బిట్లయితే 4096, 14 బిట్లయితే 16384 స్థాయిలు ఉంటాయి. చీకటిగా వచ్చిన ముఖాన్ని వెలిగించినప్పుడు జేపెగ్‌లో చర్మం మీద చారలు, మచ్చలు తేలడానికీ, రా ఫైలులో నున్నగా ఉండటానికీ ఇదే ముఖ్య కారణం. వైట్ బ్యాలన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటును) కూడా రాలో నష్టం లేకుండా మార్చుకోవచ్చు. పూర్తిగా తెల్లబడి సమాచారమే లేని ఆకాశాన్ని మాత్రం రా కూడా తిరిగి తేలేదు, కాబట్టి తీసేటప్పుడు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగుల పంపిణీని చూపే పటం) కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోవాలి. సందేహముంటే కొన్నాళ్లు రా, జేపెగ్ రెండూ కలిపి భద్రపరిచే అమరిక పెట్టుకోండి.

ఆరో అంచె: ఎడిటర్‌ను ఎంచుకోవడం

ఎడిటింగ్ సాధనాల్లో రెండు జాతులున్నాయి. రా ఫైళ్లను తెరిచి, వందల ఫొటోలను వరుసగా సరిదిద్ది, సర్ది పెట్టేవి ఒక జాతి: లైట్‌రూమ్, క్యాప్చర్ వన్, డీఎక్స్ఓ ఫొటోల్యాబ్, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రాథెరపీ ఈ కోవలోవి. ఒకే ఫొటో మీద లేయర్లు (పొరలు) పేర్చి, వస్తువులను తొలగించి, ఫొటోలను కలిపేవి రెండో జాతి: ఫొటోషాప్, అఫినిటీ, గింప్ అటువంటివి. ఔత్సాహికుడికి అవసరమయ్యే పనిలో చాలా భాగం మొదటి జాతిలోనే పూర్తవుతుంది. ఫొటోషాప్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది గనుక అక్కడే మొదలుపెట్టి, లేయర్ల మధ్య చిక్కుకుని విసుగెత్తి మానేసేవారు చాలామంది.

డబ్బు పెట్టేముందు కెమెరా తయారీదారులే ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ప్రయత్నించండి. కెనాన్‌కు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నైకాన్‌కు ఎన్ఎక్స్ స్టూడియో, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్ ఉన్నాయి. కెమెరా చూపే రంగులను ఇవి యథాతథంగా తెస్తాయి. వేగం, సౌకర్యం విషయంలో మాత్రం కొంత వెనకబడి ఉంటాయి. ఫోన్‌లోనే పని ముగించుకునేవారికి స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ మొబైల్ సరిపోతాయి.

ఎంపికలో నాలుగు విషయాలు పరిశీలించాలి. మీ కెమెరా మోడల్ రా ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ తెరుస్తుందా అన్నది మొదటిది. కొత్త కెమెరా వచ్చిన కొన్ని నెలల వరకు ఇది అనుమానమే. మీ లెన్స్ ప్రొఫైల్ (ఆ లెన్స్ లోపాలను దిద్దే కొలతలు) అందులో ఉందా అన్నది రెండోది. డార్క్‌టేబుల్, రాథెరపీ ఇందుకు లెన్స్‌ఫన్ అనే ఉమ్మడి సమాచార నిధిని వాడుకుంటాయి, అందులో మీ లెన్స్ లేకపోతే పైన చెప్పుకున్న వంపులూ నల్లబడిన మూలలూ చేత్తో దిద్దుకోవలసి రావచ్చు. మీ కంప్యూటర్ ఆ సాఫ్ట్‌వేర్‌ను మోయగలదా అన్నది మూడోది. డీఎక్స్ఓ 2020లో తెచ్చిన డీప్‌ప్రైమ్, అడోబీ 2023లో లైట్‌రూమ్‌కు చేర్చిన డీనాయిస్ వంటి నాయిస్ తగ్గించే సౌకర్యాలు అధిక ఐఎస్ఓ ఫొటోలను ఎంతగా శుభ్రం చేస్తాయంటే, కదలని దృశ్యాలు తీసేవారికి ఎఫ్/1.8 లెన్స్ అవసరం కొంత తగ్గుతుంది. అయితే మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఒక్కో ఫొటోకు చాలాసేపు ఎదురుచూడాలి.

నాలుగోది, వదిలిపెట్టి వెళ్లాలనుకున్నప్పుడు ఏమవుతుందన్నది. లైట్‌రూమ్ క్లాసిక్‌కు చందా ఆపేస్తే ఫొటోలను చూడటం, ఎగుమతి చేయడం సాగుతాయి గానీ ఫొటోలు దిద్దే డెవలప్ విభాగం మూసుకుపోతుంది. డార్క్‌టేబుల్ మీ దిద్దుబాట్లను ప్రతి ఫొటో పక్కనే ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైలుగా రాస్తుంది, కానీ ఆ దిద్దుబాట్లను వేరే ఎడిటర్ అచ్చంగా అలాగే చూపలేదు. అందువల్ల బాగా వచ్చిన ఫొటోలను ఎప్పటికప్పుడు పూర్తి పరిమాణంలో టిఫ్ గానీ జేపెగ్ గానీ చేసి పెట్టుకోవడం అవసరం. చివరి పరీక్షగా మీ దగ్గరున్న కష్టమైన రా ఫైళ్లను, అంటే ఎదురు వెలుతురులో ముఖం, అధిక ఐఎస్ఓ, పసుపు దీపాల గది వంటివాటిని, రెండు ఎడిటర్ల ట్రయల్ వెర్షన్లలో చేసి చూడండి. ఏది తక్కువ శ్రమతో మీకు నచ్చిన రంగు ఇచ్చిందో అదే మీ ఎడిటర్.

ఏడో అంచె: దిద్దే క్రమం

మొదట ఏరివేత జరగాలి. ఒకే దృశ్యానికి తీసిన ఎనిమిది ఫొటోల్లో ఒకటో రెండో మిగలాలి. ఆ తర్వాత లెన్స్ ప్రొఫైల్‌ను వర్తింపజేయండి, ఎందుకంటే వంపు తీసినప్పుడు అంచులు మారతాయి కనుక క్రాప్ దాని తర్వాతే రావాలి. పిమ్మట దిగంత రేఖ (నేల, ఆకాశం కలిసే గీత) సమంగా ఉండేలా తిప్పి, క్రాప్ చేసి, వైట్ బ్యాలన్స్ సరిచేయండి. రంగు తప్పుగా ఉన్నప్పుడు వెలుతురు ఎంత ఉందో కన్ను సరిగా అంచనా వేయలేదు. ఇక ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుతురు), హైలైట్స్ (వెలుగు భాగాలు), షాడోస్ (నీడలు). ఇక్కడే అందరూ అతి చేస్తారు. నీడలన్నిటినీ పైకి లాగితే ఫొటో చదునైపోతుంది. ముఖం ఒక్కటే చీకటిగా ఉంటే మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే ఎంచి) ముఖాన్నే వెలిగించాలి. రంగుల గాఢతను మార్చే సాచురేషన్ కన్నా వైబ్రెన్స్ మీటను వాడటం క్షేమం, అది చర్మపు రంగును అంతగా చెడగొట్టదు. ప్రీసెట్లను (ముందే సిద్ధం చేసిన దిద్దుబాట్లను) నేర్చుకోవడానికి వాడుకోవచ్చు: ఒకటి వర్తింపజేసి, ఏయే మీటలు కదిలాయో చూడండి.

సాధారణ నాయిస్ తగ్గింపు, షార్పెనింగ్ (పదును పెంచడం) చివరన, వంద శాతం పరిమాణంలో చూస్తూ చేయాలి. డీనాయిస్ వంటి కృత్రిమ మేధ సాధనాన్ని వాడితే మాత్రం దాన్ని ముందే చేయడం మంచిది, మాస్కులు ఆ తర్వాత వేసుకోవచ్చు. తెర వెలుగును పూర్తిగా పెంచి దిద్దిన ఫొటోలు ప్రింటులో చీకటిగా వస్తాయి, కాబట్టి తెర వెలుగును గది వెలుగుకు తగ్గట్టు తగ్గించుకుని కూర్చోండి.

ఎనిమిదో అంచె: ఎగుమతి, భద్రత

తెరల మీద చూపే ఫొటోలను ఎస్ఆర్‌జీబీ రంగుల్లో జేపెగ్‌గా ఎగుమతి చేయండి. వేరే కలర్ స్పేస్ (రంగుల పరిధి) ఎంచుకుంటే కొన్ని పరికరాల్లో రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 6000x4000 ఫొటో 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పైచిలుకు ఎత్తు వరకు హాయిగా వస్తుంది. రా ఫైళ్లతో పాటు లైట్‌రూమ్ క్యాటలాగ్‌ను (దిద్దుబాట్లు దాచే ఫైలును) గానీ ఎక్స్ఎంపీ ఫైళ్లను గానీ కలిపి మూడు ప్రతులుగా, రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి ఇంటి బయట ఉండేలా దాచండి. ఆ ప్రతులు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే మెమరీ కార్డును కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేయండి.